ట్యాబ్ దేనికీ కనెక్ట్ కావట్లేదా? రీసెట్ కొట్టే ముందు ఇవి చూడండి

ట్యాబ్ అయినా, స్టీమ్ డెక్ లాంటి చేతిలో పట్టే గేమింగ్ పీసీ అయినా, కనెక్ట్ కావట్లేదనగానే చాలామంది నేరుగా ఫ్యాక్టరీ రీసెట్ దాకా వెళ్ళిపోతారు. దయచేసి ఆగండి. రీసెట్ కొడితే అందులో ఉన్నదంతా పోతుంది, అసలు సమస్యేమో చాలాసార్లు బయటే ఉంటుంది.

ముందుగా కేబుల్. టైప్-సి కేబుళ్ళన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ లోపల తేడా చాలా ఉంటుంది. కొన్ని ఛార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరావు, ఛార్జర్‌తో పాటు వచ్చేవాటిలో చాలావరకు యూఎస్‌బీ 2.0 రకం, అంటే సెకనుకి గరిష్ఠంగా 480 మెగాబిట్లు, అందుకే పెద్ద వీడియోలు కాపీ అవడానికి అంతసేపు పడుతుంది. టీవీకో మానిటర్‌కో కలపాలంటే మీ పరికరం పోర్టులో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (టైప్-సి పోర్టు నుంచే బొమ్మ బయటికి పంపే సౌకర్యం) ఉండాలి. అది లేని ట్యాబ్‌కి మామూలు టైప్-సి టు హెచ్‌డీఎంఐ అడాప్టర్ ఎంత మంచిది కొన్నా బొమ్మ రాదు, కాబట్టి డబ్బు పెట్టే ముందే మోడల్ స్పెసిఫికేషన్స్ చదవండి.

కేబుల్ మంచిదే, అయినా కంప్యూటర్‌లో ఫైళ్ళు కనిపించట్లేదా? ఆండ్రాయిడ్ మొదట ఛార్జింగ్ మాత్రమే చేస్తుంది. లాక్ తీసి, నోటిఫికేషన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోవాలి. పెన్‌డ్రైవ్‌లోకి 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కకపోతే అది అంత పెద్ద ఫైళ్ళు పట్టని ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. ఎక్స్‌ఫ్యాట్‌కి మారిస్తే సరిపోతుంది, కాకపోతే ఫార్మాట్ చేస్తే డ్రైవ్ ఖాళీ అయిపోతుంది కనుక ముందే కాపీ తీసి పెట్టుకోండి.

ఇక వైఫై. చాలా రూటర్లు దీన్ని రెండు బ్యాండ్లలో, అంటే రెండు ఫ్రీక్వెన్సీల్లో, ఇస్తాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది, 2.4 నెమ్మదే అయినా దూరం వెళ్తుంది. పాత పరికరంలో 5 బ్యాండ్ పేరే కనిపించకపోతే టెన్షన్ పడకండి, దానికి ఆ సౌకర్యం లేకపోయి ఉండొచ్చు. పాస్‌వర్డ్ కరెక్టే అయినా తీసుకోవట్లేదంటే ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ కొట్టి మళ్ళీ కలపండి, అప్పటికీ కాకపోతే రూటర్‌లో డబ్ల్యూపీఏ3 (కొత్త వైఫై భద్రతా పద్ధతి) ఒక్కటే పెట్టి ఉందేమో చూసి పాతదైన డబ్ల్యూపీఏ2 కూడా ఉండేలా మార్చండి. కనెక్ట్ అవ్వాలన్న ఆత్రంలో పాస్‌వర్డే తీసేయడం మాత్రం అస్సలు వద్దు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కనిపించకపోతే అవి ఇంకో ఫోన్‌కి అతుక్కుని ఉండొచ్చు, అక్కడ డిస్‌కనెక్ట్ చేసి పెయిరింగ్ మోడ్‌లో పెట్టండి. పాట తెగి తెగి వస్తోందా? బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది, అందుకే వైఫైని 5కి మార్చి చూడండి, చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది.

ప్రింటర్ దొరకట్లేదు, టీవీకి కాస్ట్ అవట్లేదు అంటే మీ పరికరం, అదీ రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా అన్నది చూడండి. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంటే ఇంటర్నెట్ బాగానే వస్తుంది గానీ, పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా చాలా రూటర్లు ఆపేస్తాయి. అసలు నెట్‌వర్క్‌కి మారి మళ్ళీ వెతకండి.