పెరటి కోళ్లకు మేత కొనేముందు చూసుకోవాల్సినవి

• ముందు లెక్క వేసుకోండి. పెద్ద కోడి రోజుకు 110–120 గ్రాములు తింటుంది, పెరట్లో ఏరుకు తింటే ఇంకా తక్కువే. నాలుగైదు కోళ్లకు 50 కిలోల బస్తా వద్దు, నెలకు సరిపడా చాలు.

• గుడ్ల కోళ్ల మేత పిల్లలకు పెట్టకండి. అందులో కాల్షియం 3.5–4 శాతం ఉంటుంది, పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి.

• నూకలు, తవుడు మన డెల్టాలో సులువుగా దొరుకుతాయి. కానీ వాటితోనే సరిపెడితే మాంసకృత్తులు చాలవు, గుడ్లు తగ్గిపోతాయి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి త్వరగా పాడవుతుంది, తాజాగా కొనండి.

• అసలు టెన్షన్ బూజుతోనే. వానాకాలంలో గోదావరి గాలి చెమ్మకు మొక్కజొన్న, వేరుశనగ చెక్క ఇట్టే బూజు పడతాయి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కోడి కాలేయాన్ని పాడుచేస్తుంది. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు. బూజు పట్టిన భాగం ఏరేసి మిగతాది పెట్టడం కూడా ప్రమాదమే. గడ్డ కట్టినా, ముక్కిపోయిన వాసన వచ్చినా మొత్తం పారేయండి, గేదెలకూ పెట్టకండి.

• బస్తా నేల మీద వద్దు. చెక్కబల్ల మీద, గోడకు జానెడు ఎడంగా ఉంచండి. ఎలుకలుంటే మూత బిగుతుగా ఉన్న డ్రమ్ము తప్పనిసరి. పాత మేత అడుగున ఉండగా కొత్తది పోయకండి.

• పురుగుమందుల పక్కన అస్సలు పెట్టొద్దు.

• లంక గ్రామాల వాళ్లు వరద రాకముందే మేతను అటకెక్కించండి.