వంపు తిరిగిన వస్తువులపై ప్యాడ్ ప్రింటింగ్ చేసే విధానం

గోల్ఫ్ బంతి, సిరంజి, కీబోర్డు మీట వంటి చిన్న వస్తువులపై, ముఖ్యంగా వంపు తిరిగిన చోట, ముద్రించడానికి ప్యాడ్ ప్రింటింగ్ అనువైనది. ముందుగా, దాదాపు 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతున బొమ్మ చెక్కిన ప్లేటుపై సిరా పరచి, పైన మిగిలినదాన్ని బ్లేడుతో గీకివేస్తే, గుంటల్లో మాత్రమే సిరా నిలుస్తుంది. సిరాను పలుచన చేసే ద్రావణి కొంత ఆవిరై సిరా పైపొర జిగటగా మారగానే, రబ్బరులా మెత్తగా ఉండే సిలికాన్ ప్యాడును ప్లేటుపై అద్దాలి. సిరాను అంటించుకుని ప్యాడ్ పైకి లేచాక, ఆ సిరా వెలుపలి వైపు కూడా అలాగే జిగటెక్కి, వస్తువును తాకగానే దానికే అంటుకుపోతుంది. సిలికాన్‌కు సిరాను పట్టి ఉంచే గుణం తక్కువ కదా. అసలు కిటుకంతా ఈ ఆరుదలలోనే ఉంది. ప్యాడ్ ముఖం ఉబ్బెత్తుగా ఉండాలి, చదునైతే గాలి చిక్కి అచ్చులో సూదిబెజ్జాలు పడతాయి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ ఉపరితలాన్ని ముందే మంటతో శుద్ధి చేయకపోతే, గోటితో గీరినా అచ్చు ఊడివస్తుంది.