సూదికి భయపడే బిడ్డకు క్యాన్యులా పెట్టేటప్పుడు: పిల్లల వార్డు నర్సులకు

వానలు మొదలయ్యాక మన పిల్లల వార్డులలో డెంగీ జ్వరాలు పెరుగుతాయి. డెంగీతో చేరిన బిడ్డకు సెలైన్ ఎక్కించవలసి వస్తే క్యాన్యులా, అంటే రక్తనాళంలో ఉంచే సన్నని గొట్టం, పెట్టాలి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం), ప్లేట్‌లెట్లు చూడడానికి మళ్లీ మళ్లీ రక్తం తీయాలి. అనుభవం ఉన్న నర్సుకు ఇది కొద్ది నిమిషాల పనే కాని, అయిదేళ్ల బిడ్డకు ఆసుపత్రి మొత్తం ఆ సూదిలోనే కనబడుతుంది. మొదటిసారి ఆ పని ఎలా జరిగిందనే దానిమీద ఆ తరువాతి రోజులన్నీ చాలావరకు ఆధారపడతాయి కనుక, ఇక్కడ ఆ ఒక్క పని గురించే వివరంగా చెప్పుకుందాం.

అన్నిటికంటే ముందు, అలజడిగా ఉన్న బిడ్డను చూడగానే అది భయమేనని తీర్మానించుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన డెంగీ ప్రమాద సూచనలలో తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుంచో ముక్కునుంచో రక్తం రావడంతో పాటు మగత, అలజడి కూడా ఉన్నాయి. సాధారణంగా జబ్బు మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల, జ్వరం తగ్గుముఖం పట్టే సమయంలోనే ప్రమాద దశ వస్తుంది. అప్పుడు బిడ్డ చిరాకు పడుతూ, చేతులు కాళ్లు చల్లబడి, నాడి బలహీనపడి, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి రెండు సెకన్లకు మించి పడుతుంటే, బుజ్జగింపుతో ఆలస్యం చేయకుండా వెంటనే డాక్టరును పిలవాలి. ఏడుపు వల్ల కూడా నాడి, శ్వాస వేగం పెరుగుతాయి కనుక, బిడ్డ తల్లి ఒడిలో ప్రశాంతంగా ఉన్నప్పుడే, ఒంటిమీద చేయి వేయకముందే శ్వాసను లెక్కపెట్టుకోవాలి.

ప్రమాదం లేదని తేలాక భయం సంగతి చూడాలి. మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఈ భయంతోనే పెరుగుతారు. అన్నం తినకపోతే, అల్లరి చేస్తే, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి సూది వేయిస్తామని పెద్దలు బెదిరిస్తారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు జబ్బును తాము చేసిన తప్పుకు శిక్షగా భావించడం ఎలాగూ సహజం. ఈ బెదిరింపులు దానిని ఖాయం చేస్తాయి. అందుచేత బిడ్డను ఇంట్లో పిలిచే పేరుతో పలకరించి, “నువ్వు తప్పేమీ చేయలేదు నాన్నా, దోమ కుట్టి జ్వరం వచ్చింది, అంతే” అని మొదటే చెప్పడం అవసరం. వార్డులో కూడా “ఏడిస్తే సిస్టర్ ఇంకో సూది వేస్తుంది” అని తల్లో అమ్మమ్మో అంటే, బిడ్డ ఎదుట వారించకుండా పక్కకు పిలిచి, ఆ మాట వల్ల తమ బిడ్డకే కష్టం పెరుగుతుందని మర్యాదగా వివరించాలి.

బిడ్డకు నిజమే చెప్పాలి. “అస్సలు నొప్పి ఉండదు” అని నమ్మించి సూది గుచ్చితే ఆ ఒక్కసారికి పని జరుగుతుంది కాని, ఆ తరువాత మనం చెప్పే ఏ మాటనూ బిడ్డ నమ్మదు. “చేతికి దూదితో తుడుస్తాను, చల్లగా ఉంటుంది. తరువాత చురుక్కుమంటుంది. ఏడుపు వస్తే ఏడవవచ్చు, చేయి మాత్రం కదపకుండా ఉంచాలి” అన్నంత స్పష్టంగా చెప్పాలి. రెండేళ్ల బిడ్డకు ఈ మాటలు పని మొదలయ్యే ముందు చెబితే చాలు. బడికి వెళ్లే పిల్లలకు ఇంకాస్త ముందుగా చెప్పి, ప్రశ్నలు అడగనివ్వాలి. మరొక సంగతి చాలామంది మరచిపోతారు: సూది బయటకు వచ్చేసిందని, చేతిలో ఉన్నది మెత్తటి సన్నని గొట్టం మాత్రమేనని చూపించి చెప్పకపోతే, లోపల సూది ఉందనే అనుకుని బిడ్డ గంటల తరబడి ఆ చేతిని బిగబట్టి ఉంచుతుంది.

ఇక తల్లి సంగతి. ఒకప్పుడు బ్రిటన్ ఆసుపత్రులలో పిల్లలను చూడడానికి తల్లిదండ్రులను పరిమితంగానే అనుమతించేవారు. అది తప్పని, తల్లిదండ్రులను పిల్లల దగ్గరకు రానివ్వాలని అక్కడ 1959లో, ఆసుపత్రులలోని పిల్లల సంక్షేమాన్ని పరిశీలించిన ప్లాట్ కమిటీ నివేదిక సిఫారసు చేసింది. మన వార్డులలో తల్లి రాత్రింబవళ్లు మంచం దగ్గరే ఉంటుంది కాని, సరిగ్గా సూది వేసే సమయానికి “అమ్మా, మీరు బయట ఉండండి” అనే అలవాటు మాత్రం ఇంకా చాలాచోట్ల ఉంది. బిడ్డకు ఆమె అత్యంత అవసరమైన నిమిషాలు అవే కనుక ఈ అలవాటు మానుకోవాలి. ఆమె చూడలేనంటే బలవంతం చేయకుండా తండ్రినో అమ్మమ్మనో నాయనమ్మనో ఉండమనాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు అదిమిపట్టడం కంటే, తల్లి ఒడిలో ఆమె ఛాతీకి ఆనుకుని కూర్చునేలా చేసి, ఆమె హత్తుకుని ఉండగా ఒక చేయి మాత్రం బయటకు చాపించి, ఒక సహాయకురాలు ఆ చేతిని కదలకుండా పట్టుకుంటే పని తేలికగా సాగుతుంది. తల్లి చేయవలసిన పని మాట్లాడుతూ ఉండడమే.

వీలుంటే ఈ పనిని బిడ్డ మంచం మీద కాకుండా విడిగా ఉన్న ప్రొసీజర్ గదిలో చేయాలి. మంచం బిడ్డకు నిశ్చింతగా పడుకునే చోటుగా మిగలాలి. ట్రేను కంటికి కనబడకుండా ముందే సిద్ధం చేసుకోవాలి. వ్యవధి ఉండి, డాక్టరు అనుమతిస్తే లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన మత్తు క్రీమును సుమారు 60 నిమిషాల ముందు రాసి కప్పి ఉంచితే చర్మం మొద్దుబారుతుంది. పాలు తాగే పసిబిడ్డకైతే తల్లిపాలు తాగుతుండగానే రక్తం తీయడం నొప్పిని తగ్గిస్తుంది. “సూది వేయమంటావా?” అని అడగకూడదు, వద్దన్నాక వేస్తే ఆ ప్రశ్నే మోసమవుతుంది. రెండు చేతులలోనూ నరాలు బాగున్నప్పుడు “ఏ చేతికి పెట్టమంటావు?” అని అడగవచ్చు. సబ్బునీటి బుడగలు ఊదించడం, నెమ్మదిగా ఊపిరి వదిలించడం, బిడ్డకు వచ్చిన పాట పాడించడం, ఇవన్నీ నిజంగా ఉపకరిస్తాయి. అయితే ఒక్కరే మాట్లాడాలి. అందరూ ఒకేసారి ధైర్యం చెబుతుంటే భయం పెరుగుతుంది. ఒకే నర్సు రెండు ప్రయత్నాలకు మించి చేయకుండా, దొరకనప్పుడు మరింత అనుభవం ఉన్నవారిని పిలవడం మంచి పద్ధతి. బిడ్డ షాక్‌లో (రక్తప్రసరణ ప్రమాదకరంగా పడిపోయిన స్థితిలో) ఉంటే ఈ ఏర్పాట్లకు సమయం ఉండదు. అప్పుడు వేగమే ముఖ్యం, మాటలు తరువాత చెప్పవచ్చు.

పని పూర్తయ్యాక “మగపిల్లాడివి, ఏడుస్తావా?” అనే మాట ఎవరినీ అననివ్వకూడదు. చేయి కదపకుండా ఉంచినందుకు మెచ్చుకోవాలి. నొప్పి ఎంత ఉందో చెప్పలేని చిన్నపిల్లలకు ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిల్లే తీరు అనే అయిదు అంశాలతో 0 నుంచి 10 వరకు లెక్కించే ఫ్లాక్ స్కేలును వాడవచ్చు. మూడేళ్లు దాటినవారికి నవ్వు నుంచి ఏడుపు వరకు ఉన్న ఆరు ముఖాల బొమ్మలు చూపి అడగవచ్చు. మెడలోని తాయెత్తునో మొలతాడునో అడ్డం వచ్చిందని చెప్పకుండా కత్తిరిస్తే ఇంటిల్లిపాదీ కలత పడతారు. తీయక తప్పనప్పుడు తల్లిచేతనే తీయించి ఆమెకే ఇవ్వాలి. కోయ, లంబాడీ కుటుంబాల పిల్లలు వచ్చే ఆసుపత్రులలో ‘అమ్మ’, ‘నొప్పి’, ‘అయిపోయింది’ వంటి కొన్ని మాటలనైనా ఆ తల్లుల దగ్గరే వారి భాషలో నేర్చుకోవాలి.

డ్యూటీ మారేటప్పుడు క్యాన్యులా పెట్టిన తేదీ, సమయంతో పాటు ఆ బిడ్డకు ఏది పనిచేసిందో కూడా కేసు షీటులో రాయాలి: “ఎడమ చేయి, తల్లి ఒడిలో, ఒకే ప్రయత్నం, బుడగలు ఊదింది, ముందే చెబితే సహకరిస్తుంది.” ఉదయం ఆరు గంటలకు మళ్లీ రక్తం తీయవలసిన నర్సు, నిద్రలో ఉన్న బిడ్డ చేయి పట్టుకునే ముందు ఈ వాక్యం చదువుకుని, మొదట తల్లిని లేపాలి.