డెలావేర్ నది దాటే ముందు: తుపాకీ యాక్సెసరీల చట్టాలు ఎలా సరిచూసుకోవాలి?

పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియాలో డెలావేర్ నది మీది బెన్ ఫ్రాంక్లిన్ వంతెన ఎక్కితే కాసేపటికే న్యూజెర్సీలోని క్యామ్‌డెన్‌లో దిగుతాం. పెన్సిల్వేనియా షాపుల్లో మామూలుగా అమ్మే 15 తూటాల మ్యాగజైన్, అంటే తుపాకీకి తగిలించే తూటాల డబ్బా, ఆ ఒడ్డున మీ దగ్గర ఉండటమే నేరం. ఇటు ఇల్లు, అటు ఉద్యోగం ఉన్న కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. తుపాకీ కాగితాలన్నీ పక్కాగా పెట్టుకున్నవాళ్లు కూడా ఇలాంటి చిన్న భాగాల దగ్గరే ఇరుక్కుంటారు. కారణం ఒకటే. తుపాకీ కొంటే ఫారాలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటాయి. పెన్సిల్వేనియాలో మ్యాగజైన్ కొంటే ఇవేవీ ఉండవు, కాబట్టి కొనేటప్పుడు హెచ్చరించేవాళ్లూ ఉండరు.

1. ముందు మీ వీసా చూసుకోండి

హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాకు వచ్చినవారి దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితులతో సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, అద్దె తుపాకీ చేతిలోకి తీసుకున్నా ఈ నిషేధం వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. కింద చెప్పేవన్నీ వాళ్లకీ, పౌరులకీ.

2. ప్రతి వస్తువునూ రాష్ట్రాలవారీగా సరిచూడండి

ముందుగా మ్యాగజైన్. న్యూజెర్సీలో 1990 నుంచి పరిమితి 15 తూటాలు. 2018లో దాన్ని 10కి తగ్గించారు. పాతవి దగ్గర ఉన్నవాళ్లకు ఆ ఏడాది డిసెంబరు దాకా గడువిచ్చారు. ఇప్పుడు దొరికితే నాలుగో డిగ్రీ నేరం, 18 నెలల దాకా జైలు పడవచ్చు. పెన్సిల్వేనియాలో పరిమితే లేదు. డెలావేర్ 2022లో 17 తూటాల పరిమితి పెట్టింది. మేరీల్యాండ్‌ది ఇంకో పద్ధతి. అక్కడ 10 తూటాలకు మించినదాన్ని అమ్మకూడదు, కొనకూడదు, కానీ దగ్గర ఉండటం నేరం కాదు. ఈ రాష్ట్రాల గుండా వెళ్లే ఐ-95 హైవే మీద ఒక్క పూట ప్రయాణంలో ఇన్ని చట్టాలు! పక్క రాష్ట్రంలో పరిమితి ఎంతో తెలిస్తే సరిపోదు. నిషేధం అమ్మకం మీదా, దగ్గర ఉంచుకోవడం మీదా అన్నది కూడా చూడాలి.

సప్రెసర్, అంటే జనం సైలెన్సర్ అనేది, ఫెడరల్ రిజిస్ట్రేషన్ ఉంటే పెన్సిల్వేనియాలో చట్టబద్ధమే. న్యూజెర్సీలో సామాన్యులకు పూర్తిగా నిషేధం. ఆ ఫెడరల్ కాగితం అక్కడ కాపాడదు.

బంప్ స్టాక్, అంటే రైఫిల్‌ని మెషిన్ గన్‌లా వేగంగా కాల్చేలా చేసే వెనక పిడి, దీని విషయంలో చాలామంది పొరబడుతున్నారు. ఫెడరల్ నిషేధాన్ని సుప్రీంకోర్టు 2024 జూన్‌లో కొట్టేసింది, నిజమే. కానీ న్యూజెర్సీ 2018లో చేసుకున్న సొంత చట్టం అలాగే ఉంది.

3. తుపాకీకి బిగించిన భాగాలు లెక్కపెట్టండి

మ్యాగజైన్ ఊడదీయగలిగే సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా పేలే) రైఫిల్‌కి పిస్టల్ గ్రిప్ (పిస్టల్ తరహా పిడి), మడిచే స్టాక్ (భుజానికి ఆనించే భాగం), ఫ్లాష్ సప్రెసర్ (పేలినప్పుడు వచ్చే మెరుపును తగ్గించేది) లాంటివాటిలో రెండు ఉంటే, న్యూజెర్సీ దాన్ని నిషేధిత అసాల్ట్ ఆయుధంగా చూస్తుంది. అంటే కొన్నప్పుడు చట్టబద్ధంగా ఉన్న రైఫిల్ కూడా తర్వాత బిగించిన ఒక్క భాగంతో నిషేధంలోకి వెళ్లవచ్చు. పార్ట్ ఆర్డర్ చేసే ముందే ఈ లెక్క చూసుకోవాలి.

4. కారులో ఎలా తీసుకెళ్లాలి?

1986 ఫెడరల్ చట్టం ఒకటి దారి మధ్యలో ఉన్న రాష్ట్రాల గుండా వెళ్లేవారికి రక్షణ ఇస్తుంది. బయల్దేరిన చోటా, చేరే చోటా ఆ తుపాకీ మీ దగ్గర ఉండటం చట్టబద్ధం అయి ఉండాలి. తూటాలు తీసేయాలి. తుపాకీ గానీ తూటాలు గానీ చేతికి అందేలా ఉండకూడదు, డిక్కీలో ఉండాలి. డిక్కీ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. గ్లవ్ బాక్స్, కన్సోల్ పనికిరావు.

ఈ రక్షణ మీద అతిగా ఆధారపడవద్దు. 2005లో యూటాకు చెందిన ఒక ప్రయాణికుడికి నెవార్క్‌లో విమానం తప్పిపోయింది. చెక్-ఇన్ సామాను తిరిగి తీసుకుని రాత్రి హోటల్లో ఉన్నాడు. మర్నాడు ఎయిర్‌పోర్టులో తన తుపాకీ సంగతి తానే చెప్పాడు, అరెస్టయ్యాడు. హోటల్లో ఆ సామాను అతని చేతికి అందుబాటులో ఉంది కాబట్టి చట్టం వర్తించదని 2010లో అప్పీల్ కోర్టు తేల్చింది. పైగా ఆ సెక్షన్ తుపాకీ, తూటాల గురించే మాట్లాడుతుంది, విడి మ్యాగజైన్ల ప్రస్తావన లేదు. ఇక మీ ఇల్లే న్యూజెర్సీలో ఉంటే, అక్కడ నిషేధమైనది ఇంటికి తెచ్చుకోవడానికి ఈ చట్టం ఎలాగూ సాయపడదు.

5. ఇల్లు మారుతున్నారా?

కొత్తగా న్యూజెర్సీ వచ్చినవారు 60 రోజుల్లో తుపాకీ కొనేవారికిచ్చే ఐడీ కార్డు తీసుకుని, తెచ్చుకున్న తుపాకుల్ని నమోదు చేసుకోవాలని 2022 చట్టం చెబుతోంది. నిషేధిత మ్యాగజైన్లకు ఈ గడువు ఉందనుకోకండి. సామాను లారీ ఎక్కకముందే వాటిని పాత రాష్ట్రంలోనే చట్టప్రకారం అమ్మేయండి.

6. పోలీసులు ఆపితే

పెన్సిల్వేనియా ఇచ్చే క్యారీ లైసెన్సును, అంటే తుపాకీ వెంట పెట్టుకు తిరిగే అనుమతిని, న్యూజెర్సీ గుర్తించదు. 2013లో ఒక ఫిలడెల్ఫియా మహిళ ఆ లైసెన్సు చాలనుకుని, తన దగ్గర తుపాకీ ఉందని పోలీసుకు తానే చెప్పింది. ఏళ్ల తరబడి జైలు తప్పదన్నంత దాకా వెళ్లింది, చివరికి 2015లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చారు. అందరికీ అలా దొరకదు. అబద్ధం చెప్పవద్దు, గొడవ పడవద్దు. మర్యాదగా లాయర్ కావాలని అడిగి, ఆయన వచ్చేదాకా మౌనంగా ఉండండి. సోదాకు ఒప్పుకోనని చెప్పే హక్కు కూడా మీకుంది.

గ్రీన్ కార్డు మీద ఉన్నవారు ఇంకా జాగ్రత్తపడాలి. ఆయుధ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించే వీలు ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది, ఆ సెక్షన్‌లో ఆయుధంతో పాటు భాగం, యాక్సెసరీ అన్న మాటలూ ఉన్నాయి. చిన్న జరిమానాతో పోతుంది కదా అని నేరం ఒప్పుకోవద్దు. అలా ఒప్పుకుంటే దేశం విడిచి వెళ్లాల్సి వస్తుందేమో క్రిమినల్ లాయర్ ముందే చెప్పాలని 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ సంగతి ఆయన్ని నేరుగా అడగండి, సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తోనూ మాట్లాడండి.