వానాకాలంలో మోడల్ మీద రంగు తెల్లబారకుండా

పర్లాకిమిడిలో వానలు పడ్డాయంటే గదిలో గాలంతా తడితడిగా ఉంటుంది. 1/72 (అసలు దానిలో 72వ వంతు సైజు) విమానం మోడల్ రెక్కకు ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలితో రంగు చిమ్మే పెన్నులాంటి పరికరంతో, నల్ల లాకర్ (గబగబా ఆరే రంగు) కొడితే, చూస్తుండగానే బూడిద పూసినట్టు తెల్లబారేది. మధ్యలో ఆవగింజంత నీటి మచ్చలు. ఇవి రెండూ వేర్వేరు జబ్బులు, మందూ వేరే.

మచ్చలు కంప్రెసర్ (ఎయిర్‌బ్రష్‌కి గాలిని నొక్కి పంపే యంత్రం) నుంచి వచ్చేవి. నొక్కుడుకి గాలి వేడెక్కుతుంది, పైపులో చల్లారాక అందులోని ఆవిరి నీరవుతుంది. వాటర్ ట్రాప్‌ని (గాలిలోని నీటిని పట్టి ఆపేది) కంప్రెసర్ పక్కనే బిగించడం తప్పు. అక్కడ ఆవిరి ఇంకా ఆవిరిగానే దాటిపోతుంది. ట్రాప్‌ని బల్ల అంచుకు నిలువుగా బిగించి, మధ్యలో 3 మీటర్ల పైపు వేశాను. మచ్చలు ఆగాయి. పని అయ్యాక ట్యాంకు అడుగు మర తిప్పి నీళ్లు వదలాలి, లేకపోతే లోపల తుప్పు.

తెల్లబారడానికి కారణం రంగును పలచన చేసే థిన్నర్. అది గబగబా ఆరుతూ రంగు పొరను చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చేరుతుంది. థిన్నర్‌లో పదో వంతు రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపి, గాలి ఒత్తిడి 15 పీఎస్ఐ దగ్గర పలచగా కొట్టి, పొరకీ పొరకీ పది నిమిషాలు ఆగాలి. ఇప్పటికే తెల్లబారిన రెక్క మీద అదే రిటార్డర్ థిన్నర్ మంచులా చల్లితే చాలాసార్లు నలుపు తిరిగొస్తుంది.

తేమ మీటరు 80 శాతం దాటితే రంగు ముట్టుకోను. ఆ రోజు పుట్టీ, సాండ్‌పేపర్ పని.

ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి. లాకర్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది కాబట్టి మోటారు ఆ గాలి దారిలో ఉండకూడదు.