మనవలు దిగాక క్రిస్మస్: ఏది ముందే ముగించాలి, ఏది వాళ్ళ చేతికివ్వాలి

అరిసెలు, జంతికలు, గులాబీ పువ్వులు డిసెంబరు 20 లోపే వండి డబ్బాల్లోకి ఎత్తేయండి. 22, 23 తేదీల్లో కొడుకులూ కూతుళ్ళూ పిల్లలతో దిగుతారు. అప్పుడు నూనె మూకుడు పెట్టుకుని, కాళ్ళకు అడ్డంపడే నాలుగేళ్ళవాణ్ణి కసురుతూ కూర్చుంటే అది ఎవరికీ పండగ కాదు. ఈ మూడూ వారం పైనే నిలవుంటాయి, బాగా చల్లారాక మూత పెడితేనే. వేడిమీద డబ్బాలో పోస్తే ఆవిరి పట్టి గులాబీ పువ్వులు మర్నాటికే మెత్తబడతాయి.

గవ్వలు మాత్రం ఆపండి. అవి పిల్లల పని.

ఇరవైమంది ఇంటికి కిలో మైదా, వంద గ్రాముల బొంబాయి రవ్వ, చెంచాడు ఉప్పు, కాచిన వంద గ్రాముల నెయ్యి. నెయ్యి వేడిగా పోసి పిండికంతా పట్టేలా చేత్తో నలిపి, పిడికిట పడితే ముద్ద నిలిచేలా అయ్యాక నీళ్ళు చిలకరిస్తూ చపాతీ పిండికన్నా గట్టిగా కలపండి. తడిబట్ట కప్పి అరగంట వదిలేయండి. తర్వాత పెద్దవాళ్ళొకరు బఠాణీ గింజకన్నా కాస్త పెద్ద ఉండలు చేసిస్తూ ఉంటే, పిల్లలు గవ్వల పీట మీద వత్తుతారు. పీటలు చాలకపోతే కొత్త దువ్వెనలు కొని కడిగివ్వండి. ఉండను పీట పైఅంచున పెట్టి, బొటనవేలితో నొక్కుతూ కిందికి లాగాలి. అది తనంతట తానే చుట్టుకుంటుంది. ఐదేళ్ళ పిల్లలకు నాలుగో ఐదో పాడయ్యాక పట్టు దొరుకుతుంది. మూడేళ్ళవాళ్ళు నొక్కుతారు గాని లాగరు. అవి బిళ్ళల్లా మందంగా ఉండిపోయి లోపల పచ్చిగా మిగులుతాయి. వాటిని పారేయకండి, పిల్లలు చూస్తారు. పక్కన పెట్టి చివరి వాయిలో సన్నసెగ మీద ఎక్కువసేపు వేయించండి. పిండి ఆరిపోతే గవ్వ చుట్టుకోక అంచులు పగులుతాయి. ముద్ద మీద తడిబట్ట తీయకుండా ఉండాల్సింది అందుకే.

వేయించడం, పాకం పిల్లల్ని ఇంకో గదిలోకి పంపాకే. ముప్పావు కిలో బెల్లానికి గ్లాసు నీళ్ళు. కరిగాక వడకట్టి ముదురు పాకం పట్టండి. నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి ఉండ చేసి కొడితే టంగుమనాలి. ఆ చల్లారిన ఉండను పిల్లల చేతికిచ్చి పళ్ళెం మీద కొట్టించండి, దానికోసమే కాచుకుని ఉంటారు. లేతపాకంలో గవ్వలు వేస్తే జిగటగా ఒకదానికొకటి అంటుకుంటాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: పాకం చర్మానికి అంటుకుని జారదు, అందుకే లోతుగా కాలుస్తుంది.

యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ కట్టాలనుకుంటే, దాని ముందు పచ్చగడ్డి కోసం 15 రాత్రి గుప్పెడు గోధుమలు నానబోయండి. మర్నాడు నీళ్ళు వంచి, పాత పళ్ళెంలో అంగుళం మందం మట్టి మీద చల్లి, రోజుకు రెండుసార్లు తడపండి. 24కి నాలుగు వేళ్ళ ఎత్తున పచ్చగా లేస్తుంది. పిల్లలు వచ్చాక అట్టపెట్టెకు వరిగడ్డి అంటించడం, మట్టిబొమ్మలు అమర్చడం వాళ్ళదే. గొర్రె దూత పక్కన నిలబడితే నిలబడనివ్వండి. గడ్డి దగ్గర కొవ్వొత్తి మాత్రం వద్దు, చిన్న ఎల్‌ఈడీ దండ చాలు. గుమ్మంలో వేలాడే కాగితం నక్షత్రంలోనూ ఎల్‌ఈడీ బల్బే పెట్టండి. పాతకాలం 60 వాట్ల బల్బు వేడికి కాగితం మాడుతుంది.

24 సాయంత్రం లూకా సువార్త రెండో అధ్యాయం మొదటి ఇరవై వచనాలు ఒకరు చదువుతుంటే పిల్లలు ఆడి చూపిస్తే సరిపోతుంది. మాటలు బట్టీ పట్టించొద్దు. పాత దుప్పట్లు, చేతికర్రలు, పొత్తిగుడ్డలకు ఓ తెల్లటి తువ్వాలు. వేషాల దగ్గరే గొడవలొస్తాయి కాబట్టి ఒక సంగతి పనికొస్తుంది: మత్తయి సువార్తలో బాలయేసును చూడవచ్చిన జ్ఞానులు ఇంతమందని లెక్క లేదు. ఉన్నవి మూడు కానుకలే, బంగారము, సాంబ్రాణి, బోళము. ఐదుగురు జ్ఞానులైనా తప్పు లేదు. క్రిస్మస్ తాత వేషం కడితే గడ్డం పిల్లల ముందే పెట్టుకోండి. ముసుగుతో హఠాత్తుగా గుమ్మంలోకొస్తే రెండేళ్ళవాళ్ళు జడుసుకుంటారు.

అర్ధరాత్రి ఆరాధనకు తీసుకెళ్ళేట్టయితే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా పడుకోబెట్టి, ఏడున్నరకల్లా అన్నం పెట్టేయండి. ఇంట్లో పసిబిడ్డతో ఆగేది ఎవరో పొద్దున్నే తేల్చుకోండి. లేకపోతే ఏటా చిన్నకోడలి మీదే పడుతుంది.

పదముగ్గురు పెద్దలు, ఏడుగురు పిల్లలకు రెండు కిలోల బియ్యం, మూడు కిలోల కోడిమాంసంతో బిర్యానీ సరిపోతుంది. కారం, పచ్చిమిర్చి పడకముందే అరకిలో ముక్కలు విడిగా తీసి, ఉప్పు, పసుపు, పెరుగు, కాస్త అల్లం వెల్లుల్లితో వండండి. 25 పొద్దుటి ఆరాధన అయి గుడి నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది గనక పిల్లలకు వెళ్ళేముందే ఇడ్లీలు పెట్టాలి.

బహుమతులు అత్తలు, మామలు, బాబాయిలు ఎవరికి తోచినట్టు వాళ్ళు తెస్తే ఒకరికి తొమ్మిది, ఇంకొకరికి మూడు వస్తాయి. నెల ముందే చీటీలు వేసి తలా ఒక బిడ్డను, ఒకే ఖర్చును పంచండి.

ఇరుగుపొరుగుకు పిండివంటల పళ్ళాలు పిల్లలే మోయాలి. ఇద్దరిద్దరిని జతచేసి, పెద్దవాళ్ళు గేటు దగ్గర నిలబడితే చాలు. పళ్ళెం అడుగున పేరు రాసిన ప్లాస్టరు ముక్క అంటించండి. అది సంక్రాంతికి వాళ్ళింటి అరిసెలతోనే తిరిగొస్తుంది, ఈలోగా ఎవరిదో మరిచిపోతారు.