క్రాఫ్ట్ బీర్లను నలుగురూ కలిసి రుచి చూసి పోల్చడం ఎలా?

బీరంటే ఇష్టమున్న నలుగురు చేరి ఆరు క్రాఫ్ట్ బీర్ల (చిన్న తయారీదారులు ప్రత్యేకంగా చేసే బీర్లు) సీసాలు తెరిచారనుకోండి. వాళ్లలో ఎక్కువ తెలిసిన మనిషి మొదటి గుటక వేసి "మామిడిపండు వాసన వస్తోంది" అంటాడు, ఆ మరుక్షణం నుంచి అందరికీ మామిడిపండే వస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా అనిపిస్తుంది, ఎందుకంటే వాసన విషయంలో మన మెదడు చెవిన పడ్డ మాటకీ కంటికి కనిపించిన రంగుకీ చాలా తేలిగ్గా లొంగిపోతుంది. 2001లో వచ్చిన ఒక ఫ్రెంచ్ పరిశోధనలో తెల్ల వైన్‌కి వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వైన్ చదువు చదువుతున్నవాళ్లే దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతో వర్ణించారు. అందుకే కలిసి రుచి చూడటంలో అసలు పని నాలుకది కాదు, ఏర్పాటుది. ఎవరికి వాళ్లు స్వతంత్రంగా రుచి చూసి, ఆ తర్వాతే మాట్లాడుకునేలా కూర్చోవాలి. కింద చెప్పేదంతా దానికోసమే.

ముందు ఏం పోల్చాలో తేల్చుకోండి

చేతికి దొరికిన ఆరు రకాలు తెచ్చి పోలిస్తే సరదాగానే ఉంటుంది కానీ తెలిసేది తక్కువ. నల్లటి స్టౌట్‌కీ గోధుమ కలిపి చేసే వీట్ బీరుకీ తేడా ఉందని తెలుసుకోవడానికి ఇంత హడావిడి అక్కర్లేదు కదా. ఒక్క విషయం తప్ప మిగతావన్నీ దాదాపు ఒకేలా ఉన్న బీర్లు ఎంచుకోండి. ఒకే రకం బీరు, అంటే అన్నీ పిల్స్‌నర్లో (లేత బంగారు రంగు బీర్లు) అన్నీ ఐపీఏలో (ఇండియా పేల్ ఏల్, వాసన, చేదు ఎక్కువుండే బీరు), వేరువేరు తయారీదారులవి పెట్టుకోవడం అన్నిటికంటే సులువు, కొత్తవాళ్లకి అదే మంచిది. అదే బీరు క్యాన్‌లోదీ సీసాలోదీ, లేదా తాజాదీ నాలుగు నెలల పాతదీ పోల్చవచ్చు. ఆల్కహాల్ ఎక్కువుండి ఏళ్ల తరబడి నిలవుండే బార్లీవైన్, ఇంపీరియల్ స్టౌట్ లాంటివైతే వేరువేరు సంవత్సరాలవి పక్కపక్కన పెట్టుకోవచ్చు.

ఒక విడతకి ఐదారు బీర్లు చాలు. మనిషికి ఒక్కో బీరు 75 మిల్లీలీటర్లు పోస్తే ఆరింటికి 450 అవుతుంది, సగటున 6 శాతం ఆల్కహాల్ అనుకుంటే అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ 27 మిల్లీలీటర్లు, అంటే సుమారు 21 గ్రాములు. మామూలు 5 శాతం బీరు అర లీటరు తాగితే వెళ్లేది 20 గ్రాములు. చిన్న చిన్న గ్లాసుల్లో తాగుతుంటే లెక్క తెలియదు కాబట్టి ముందే వేసుకోండి, ఎవరూ బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లకుండా చూసుకోండి. ఇంకో కారణం కూడా ఉంది, మత్తు ఎక్కేకొద్దీ మార్కులు పెరుగుతాయి, ఎనిమిదో బీరు మీద మీ అభిప్రాయానికి విలువుండదు.

సీసాలు, గ్లాసులు, చల్లదనం

కొనేటప్పుడు తయారైన తేదీ చూడండి. హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) వాసన మీద బతికే బీర్లు, ముఖ్యంగా ఐపీఏలు, తాజాగా ఉన్నప్పుడే వాటి అందం, మూడు నెలలు దాటినవాటిని తాజావాటి పక్కన పెట్టి తీర్పు చెప్పడం అన్యాయం. తెచ్చాక ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచండి, పడుకోబెట్టొద్దు, సీసాలో ఈస్ట్ (బీరుని పులియబెట్టేది) ఉంటే అడుక్కి చేరాలి.

గ్లాసులు అందరికీ, అన్ని బీర్లకీ ఒకే ఆకారంలో ఉండాలి. పైన కొంచెం లోపలికి వంగిన చిన్న వైన్ గ్లాసులు బాగుంటాయి, వాసన లోపలే నిలుస్తుంది. శుభ్రత సంగతి తేలిగ్గా తీసుకోకండి: జిడ్డూ సబ్బూ నురుగుని చంపేస్తాయి. కడిగిన గ్లాసుని మళ్లీ నీళ్లతో తడిపి చూడండి, లోపల నీరు ఒకే పొరలా జారితే శుభ్రంగా ఉన్నట్టు, చుక్కలుగా విడిపోతే జిడ్డు మిగిలినట్టు. బీరు పోశాక గోడలకి బుడగలు గుంపులుగా అంటుకుని ఉన్నా అదే అర్థం. గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి.

గ్లాసుని ఫ్రీజర్‌లో పెట్టే అలవాటు ఉంటే ఆ రోజుకి మానేయండి. బీరు మరీ చల్లగా ఉంటే వాసన పైకి లేవదు, నాలుక మొద్దుబారుతుంది. తేలికైన లాగర్లకి (చల్లగా పులియబెట్టే బీర్లు, పిల్స్‌నర్ వీటిలో ఒకటి) 4 నుంచి 7 డిగ్రీల సెల్సియస్, పేల్ ఏల్ (వెచ్చగా పులియబెట్టే లేత రంగు బీరు), ఐపీఏలకి 7 నుంచి 10, స్టౌట్‌లకీ గట్టి బీర్లకీ 10 నుంచి 13 సరిపోతుంది. థర్మామీటర్ లేకపోతే లాగర్లు ఫ్రిజ్‌లోంచి తీసిన కాసేపటికి, స్టౌట్‌లు అరగంట ముందే బయట పెట్టి పోయండి. ఒకే రకాన్ని పోలుస్తుంటే మాత్రం అన్నీ ఒకేసారి బయటికి తీయాలి, లేకపోతే మీరు పోల్చేది బీర్లని కాదు, వాటి చల్లదనాన్ని.

పోసే మనిషి వేరు, తాగే మనుషులు వేరు

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ఒకరు పక్క గదిలో పోయాలి, మిగతావాళ్లకి సీసా కనిపించకూడదు. లేబుల్, ధర, పేరున్న కంపెనీ అన్న సంగతి తెలిస్తే చాలు, తీర్పు మారిపోతుంది. గ్లాసుల మీద 1, 2, 3 అనో ఎ, బి, సి అనో రాయకండి, 'మొదటిది' అనగానే దానికి ఒక గౌరవం వచ్చేస్తుంది. రుచి పరీక్షలు చేసే ల్యాబుల్లో 472, 815, 369 అని అర్థం లేని మూడంకెల సంఖ్యలు వేస్తారు, మీరూ అదే చేయండి. ఏ సంఖ్య ఏ బీరో పోసే మనిషి దగ్గరే కాగితం మీద ఉండాలి. ఆ పని ఒక్కొక్కసారి ఒక్కొక్కరు తీసుకుంటే ఎవరికీ లోటుండదు.

పోసేటప్పుడు గ్లాసుని కొంచెం వంచి మొదలుపెట్టి చివర నిటారుగా చేసి పోస్తే వేలు మందం నురుగు వస్తుంది, అది ఉండాలి, వాసనని పైకి తెచ్చేది అదే. సీసా అడుగున ఈస్ట్ ఉంటే సాధారణంగా వదిలేస్తారు, జర్మన్ వీట్ బీరుకైతే ఆఖర్న సీసాని కదిపి ఈస్ట్‌తో సహా పోయడం పద్ధతి. ఏది చేసినా అందరి గ్లాసుల్లోనూ ఒకేలా చేయాలి.

వేరువేరు రకాలు రుచి చూస్తుంటే వరుస గురించి ఒక మాట. లేత రంగు నుంచి ముదురు రంగుకి వెళ్లమని చాలామంది చెబుతారు, అది నమ్మకండి. ఐర్లండ్ స్టౌట్ గిన్నిస్ డ్రాఫ్ట్ నల్లగా ఉన్నా ఆల్కహాల్ 4.2 శాతమే, బంగారు రంగులో మెరిసే బెల్జియం బీరు డూవెల్‌లో 8.5 శాతం. రంగు మాల్ట్‌ని (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) ఎంత వేయించారో చెబుతుంది, బలాన్ని కాదు. తక్కువ ఆల్కహాల్, తక్కువ చేదు ఉన్నవాటితో మొదలుపెట్టి గట్టివాటికి వెళ్లండి, పుల్లటివీ పొగ వాసన ఉన్నవీ ఆఖరికి ఉంచండి. ఒకే రకమైతే సగం మందికి ఒక వరుసలో, మిగతా సగానికి దాని వెనక నుంచి ఇస్తే వరుస వల్ల వచ్చే తేడా సర్దుకుంటుంది.

ముక్కు ముందు, నోరు తర్వాత

ఆ పూట సెంటు, ఘాటైన క్రీములు వద్దు. లిప్‌స్టిక్ కూడా వద్దు, అందులోని జిడ్డు నురుగుని పాడుచేస్తుంది. గంట ముందు నుంచి కాఫీ, సిగరెట్, కారం మానేయండి. బల్ల మీద మామూలు నీళ్లు, రుచి పెద్దగా లేని బ్రెడ్ ఉంటే చాలు.

గ్లాసు రాగానే వాసన చూడండి, ఆలస్యం చేయొద్దు, గంధకం లాంటి కొన్ని వాసనలు నిమిషంలో ఎగిరిపోతాయి. చిన్న చిన్నగా రెండు మూడుసార్లు పీల్చి, గ్లాసు మీద చెయ్యి మూసి తిప్పి, తీసి మళ్లీ ఒకసారి పీల్చండి. ముక్కు అలిసిపోయి ఏమీ తెలియకపోతే మీ సొంత మోచేతి మడతని వాసన చూసి తిరిగి రండి, పనిచేస్తుంది. రంగు, తేట, నురుగు ఎంతసేపు నిలిచింది అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇక గుటక. నోరంతా తగిలేంత తీసుకుని రెండు మూడు సెకన్లు ఉంచి మింగండి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం అలా గొంతు వెనక నుంచి ముక్కుకి చేరే వాసనే. నమ్మకం కుదరకపోతే ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుటక వేసి చూడండి, తీపి, చేదు, పులుపు, గ్యాస్ చురుకు తప్ప ఏమీ తెలియవు, ముక్కు వదలగానే మిగతాదంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. కొత్తవాళ్లు వస్తే ఇది మొదట చేయించండి. వైన్ రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు, బీరు విషయంలో మింగడమే మామూలు, ఎందుకంటే చేదు మింగాక కూడా చాలాసేపు ఎలా నడుస్తుందో చూడాలి. ఎవరైనా వద్దనుకుంటే ఉమ్మేయనివ్వండి, బలవంతం చేయకండి.

చేదు గురించి లేబుల్ మీది ఐబీయూ అంకెని పట్టుకుని వాదించుకోవద్దు. అది హాప్స్ నుంచి వచ్చిన చేదు పదార్థాల కొలత, నాలుకకి తెలిసే చేదు కాదు. 60 ఐబీయూ ఉన్న తియ్యటి ఇంపీరియల్ స్టౌట్ కంటే 40 ఉన్న, తీపి తక్కువైన పిల్స్‌నరే ఎక్కువ చేదనిపించవచ్చు, మాల్ట్ తీపి చేదుని కప్పేస్తుంది కాబట్టి.

ముందు రాయండి, తర్వాతే మాట్లాడండి

ప్రతి బీరుకీ ఐదు నిమిషాల మౌనం. "అబ్బా" అని కూడా అనకూడదు, మొహం చిట్లించకూడదు. ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకోవాలి. మార్కులు కావాలంటే బీజేసీపీ అనే బీరు జడ్జీల సంస్థ వాడే 50 మార్కుల పద్ధతి తీసుకోవచ్చు: వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. చూపుకి మూడే మార్కులు ఉండటం గమనించండి, చాలామంది మనసులో దానికి ఇరవై వేస్తారు. అయినా మార్కుల కంటే మాటలు ముఖ్యం. "బాగుంది", "స్మూత్‌గా ఉంది" అని రాస్తే రేపు చదువుకున్నా ఏమీ గుర్తురాదు, "నారింజ తొక్క, రొట్టె మాడిన అంచు, చేదు త్వరగా పోయింది" అని రాస్తే బీరు మళ్లీ కళ్లముందుకు వస్తుంది. మాటలు దొరక్కపోతే రుచుల చక్రం ఒకటి ప్రింటు తీసి పెట్టుకోండి. మోర్టెన్ మెయిల్‌గార్డ్ అనే శాస్త్రవేత్త 1970ల్లో బీరు కోసం అలాంటి చక్రం రూపొందించాడు, లోపల పెద్ద వర్గాలు, అంచుల్లో చిన్న చిన్న వాసనల పేర్లు ఉంటాయి.

తర్వాత రాసుకున్నది పైకి చదివేటప్పుడు అందరికంటే తక్కువ అనుభవం ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి, ఆరితేరినవాళ్లు ఆఖర్న. ఇందులో మొహమాటం వద్దు. అభిప్రాయాలు కలవకపోతే సర్దుబాటు చేయబోకండి, అక్కడే ఆగి మళ్లీ ఒక గుటక వేయండి. మనుషుల ముక్కులు నిజంగానే వేరు. డయాసిటైల్ అనే వెన్నలాంటి వాసన ఒకరికి చిటికెడంత ఉన్నా తెలుస్తుంది, ఇంకొకరికి చాలా ఎక్కువున్నా తెలియదు. ఎవరి ముక్కు దేన్ని పట్టుకోలేదో గుంపుకి తెలియడం చాలా పెద్ద లాభం, ఒంటరిగా తాగితే అది ఎప్పటికీ బయటపడదు.

బాగా కనిపించే తేడాలకి పేర్లు నేర్చుకుంటే వాదనలు సగం తగ్గుతాయి. పచ్చి యాపిల్ వాసన అసిటాల్డిహైడ్ అనే పదార్థానిది, సాధారణంగా బీరు పూర్తిగా పండకముందే తీసినప్పుడు వస్తుంది. ఉడికిన మొక్కజొన్న వాసన డీఎంఎస్ అనే గంధక పదార్థానిది, తడిసిన అట్టపెట్టె వాసన వస్తే ఆక్సిజన్ తగిలి పాతబడినట్టు. అయితే ఒక బీరులో లోపమైంది ఇంకోదాంట్లో గుణం కావచ్చు. అరటిపండు, లవంగం వాసనలు జర్మన్ వీట్ బీరుకి ప్రాణం, అవే పిల్స్‌నర్‌లో వస్తే ఏదో తేడా జరిగినట్టు. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని పిల్జెన్ ఊళ్లో మొదలైన పిల్స్‌నర్ అర్క్వెల్‌లో కొద్దిగా వెన్న వాసన ఉంటుంది, చెక్ లాగర్లలో దాన్ని తప్పుగా చూడరు. అందుకని ఏ రకం బీరో మాత్రం ముందే చెప్పేసి, ఎవరు చేశారన్నది దాచడం మంచిదని నా అభిప్రాయం.

మీ తీర్పుని కూడా పరీక్షించండి

రెండు పద్ధతులున్నాయి. మొదటిది, పోసే మనిషి ఎవరికీ చెప్పకుండా ఒక బీరుని రెండు సంఖ్యలతో రెండుసార్లు ఇవ్వడం. ఒకే బీరుకి ఒకచోట 38, ఇంకోచోట 29 వేశారంటే మీ మార్కుల్లో రెండు మూడు అంకెల తేడాకి అర్థం లేదన్నమాట.

రెండోది త్రికోణ పరీక్ష. మూడు గ్లాసులు, రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది, ఏది వేరో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు సరిపోతుంది కాబట్టి లెక్క జాగ్రత్త: ఆరుగురిలో నలుగురు సరిగ్గా చెప్పినా అది గుడ్డిదెబ్బ కావడానికి పదింట ఒక వంతు అవకాశం ఉంది, ఐదుగురు చెబితే ఆ అవకాశం 2 శాతానికి పడిపోతుంది. "క్యాన్‌లోది వేరే రుచి" అని గట్టిగా వాదించేవాళ్లుంటే మాటలతో తేల్చకండి, ఇది పెట్టండి.

ఈ త్రికోణాన్ని మొదటిసారి ప్రయత్నించడానికి మంచి సరుకు ఒకటి చెబుతాను. హాప్స్ చేదు బాగా ఉన్న ఒకే బీరు, రంగులేని లేదా ఆకుపచ్చ గాజు సీసాలో వచ్చేది, రెండు కొనండి. ఒకదాన్ని పెట్టెలో చీకట్లో ఉంచి, రెండోదాన్ని రెండు మూడు గంటలు ఎండలో పెట్టండి, తర్వాత రెండింటినీ ఫ్రిజ్‌లో ఒకేలా చల్లబరచండి. వెలుతురు తగలగానే హాప్స్ చేదు పదార్థాలు విరిగి స్కంక్ అనే జంతువు వదిలే కంపు లాంటి వాసన పుడుతుంది. గోధుమరంగు సీసాలు ఆ వెలుతుర్ని చాలావరకు ఆపుతాయి, క్యాన్లయితే పూర్తిగా ఆపుతాయి, అందుకే ఈ ప్రయోగానికి అవి పనికిరావు. సీసాలు విప్పాక ఎండలో పెట్టినదాన్ని కొంచెం మిగిల్చి ఉంచండి, ఆలస్యంగా వచ్చినవాళ్లకి కూడా ఆ వాసన చూపించవచ్చు.